ఒక అణా ఫలహారం

మన పాఠశాల డెబ్బై ఐదు వసంతాలు పూర్తి చేసుకొని ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసందర్భంలో, ప్రధానోపాధ్యాయినిగా ఒక వ్యాసం వ్రాయవలసినదిగా సంచిక సంపాదకవర్గం వారు నన్ను కోరారు. ఇటువంటి వ్యాసాలలో సాధారణంగా భవనాల చరిత్ర, పరీక్షా ఫలితాలు, దాతల నామావళి చోటు చేసుకొంటాయి. అవన్నీ ఈ సంచికలో వేరొక చోట ఉన్నవి. నేను మాత్రం మన పెరటిలోని వంటగదిని గురించి వ్రాయదలచాను. ఆ చిన్న గది వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర మన ఈ నగరంలోనే, మన మాతృభాష మాట్లాడే ఒక పెద్దమనిషి చొరవతో ఆరంభమైనదన్న సంగతి మన పూర్వ విద్యార్థులలో చాలమందికి తెలియకపోవచ్చు.

చరిత్ర చెప్పుకోవడం కేవలం గర్వపడడానికి కాదు. ప్రభుత్వ నిధులతో నడిచే బడి అందరిదీ అని మనమందరం అంటాము. తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన బడి అందరిదీ అవుతుందా? ఈ ప్రశ్నకు మన నగరం ఒక శతాబ్ది పాటు వెదికిన జవాబే ఈ వ్యాసంలోని విషయం.

తెరిచిన తలుపు, రాని పిల్లలు

ప్రాథమిక విద్యను ఉచితంగా, నిర్బంధంగా అందించాలని కోరుతూ గోపాలకృష్ణ గోఖలే 1911లో ఇంపీరియల్ శాసన మండలిలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. 1912లో అది వీగిపోయింది. బరోడా సంస్థానంలో మాత్రం అప్పటికే, 1906 నుండి, నిర్బంధ ప్రాథమిక విద్య అమలులో ఉన్నది. మన మద్రాసు రాష్ట్రంలో 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. స్థానిక సంస్థలు విద్యాపన్ను విధించుకోవడానికీ, తమ పరిధిలో నిర్బంధ విద్యను ప్రవేశపెట్టడానికీ ఆ చట్టం వీలు కల్పించింది.

చట్టం బడి తలుపు తెరిచింది. పిల్లలు మాత్రం రాలేదు. వచ్చినవారు నిలువలేదు. కారణం ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. పేదవాని ఇంట ఏడెనిమిదేళ్ళ బిడ్డ కూడా ఏదో ఒక పని చేసి తన తిండి తాను సంపాదించుకోవలసిన రోజులవి. బడికి వెళ్తే ఆ పూట కూడు పోతుంది. ఫీజు లేకపోయినా ఆ కుటుంబానికి చదువు ఉచితం కాదు; ఆ పూట అన్నమే దాని వెల.

ఈ లెక్కను గుర్తించిన వారు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. వారు 1852లో తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో జన్మించారు. దక్షిణ భారత రాజకీయాలలో జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు. ఉత్తర మద్రాసులో, వణ్ణారపేటలో ఉన్న సర్ త్యాగరాయ కళాశాల వారి పేరు మీదనే ఉన్నది. టి. నగర్ అని మనం పొట్టిగా పిలుచుకొనే త్యాగరాయనగర్ కూడా వారి పేరే. సంక్రాంతికి బట్టలు కొనడానికి అక్కడికి వెళ్ళి వచ్చే మనకు ఆ పొడి అక్షరం వెనుక ఉన్న మనిషి గుర్తుకు రాకపోవడం సహజమే.

1920వ సంవత్సరం సెప్టెంబరులో, వారు మద్రాసు నగర పాలక సంస్థకు అధ్యక్షులుగా ఉండగా, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ పాఠశాల విద్యార్థులకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలన్న ప్రతిపాదన సభ ముందుకు వచ్చింది. ఆ బడికి వచ్చే పిల్లలు కడు పేదవారనీ, ఆ కారణంగానే బడిలో పిల్లల సంఖ్య దెబ్బతింటున్నదనీ వారు వివరించారు. ఒక్కొక్క విద్యార్థికి రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు చేయవచ్చునని సభ ఆమోదించింది. అణా అంటే రూపాయిలో పదహారవ వంతు. ఈనాటి లెక్కలో ఆరుంపావు పైసలు.

ఆ తీర్మానంలోని దృష్టిని ఉపాధ్యాయులమైన మనం గమనించాలి. పిల్లవాడు బడికి రాకపోతే తల్లిదండ్రులను నిందించడం, బిడ్డను సోమరి అనడం ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. ఆ సభ అలా అనలేదు. పిల్లవాడు ఎందుకు రాలేకపోతున్నాడో తెలుసుకొని, దానికి తగినట్లు బడినే మార్చింది. మేము శిక్షణ కళాశాలలో విద్యార్థి కేంద్రిత విద్య అని పెద్ద పేరుతో చదువుకొన్నది, నా మటుకు నాకు, ఆ ఒక అణా పద్దులోనే మొదలయినది.

పద్దు ఆగిన నెల

థౌజండ్ లైట్స్ బడిలో మొదలైన ఫలహారం క్రమంగా మరి నాలుగు బడులకు విస్తరించింది. ఫలితం వెంటనే కనిపించింది. ఆ అయిదు బడులలో కలిపి 1922–23లో 811 మంది ఉన్న విద్యార్థులు 1924–25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్ళలో బడి రెట్టింపయింది.

అటువంటి పథకం కూడా ఆగిపోయింది. ప్రాథమిక విద్యానిధి నుండి ఫలహారానికి ఖర్చు చేయరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 1925 ఏప్రిల్ 1 నుండి ఆ పద్దు నిలిచిపోయింది. ఆ నెలలోనే, 28వ తేదీన, త్యాగరాయ చెట్టిగారు కన్నుమూశారు.

విద్యానిధి విద్యకే గాని తిండికి కాదన్నది ప్రభుత్వం వారి వాదన. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. పలకకూ బలపానికీ ఖర్చు పెట్టవచ్చు, ఆ పలక పట్టే చేతికి బలమిచ్చే పిడికెడు అన్నానికి ఖర్చు పెట్టరాదు. విద్య అంటే ఏమిటి, దాని హద్దు ఎక్కడ అన్న వాదం ఆనాడు మొదలయి, తర్వాత చాలా కాలం నడిచింది. నగర సభ పట్టువిడువక ప్రయత్నించగా 1927లో ఆ కార్యక్రమం పరిమితంగా తిరిగి మొదలయింది.

ఊరూరా పొయ్యి రాజుకొన్న కాలం

స్వాతంత్ర్యం వచ్చింది. మన పాఠశాల పుట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడినా మనం ఈ గడ్డమీదనే ఉండిపోయాము. ఆ ఏడే ఈ రాష్ట్రంలో ఒక కొత్త ప్రాథమిక విద్యా విధానం వచ్చింది. దాని ప్రకారం పిల్లలు రోజుకు మూడు గంటలు మాత్రమే బడిలో ఉండి, మిగిలిన సమయం ఇంటివారి వృత్తి నేర్చుకోవాలి. కులవృత్తిలోనే బిడ్డను కట్టిపడవేసే విధానమిదని తీవ్రమైన నిరసన వచ్చింది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ నాడార్ ఆ విధానాన్ని వెంటనే ఉపసంహరించారు.

కామరాజ్ గారు స్వయంగా చిన్ననాటనే బడి మానవలసి వచ్చినవారు. వారు ఒక పల్లెలో పశువులు కాస్తున్న బాలుణ్ణి బడికి ఎందుకు పోవడంలేదని అడిగితే, పోతే అన్నం ఎవరు పెడతారని ఆ బాలుడు ఎదురు ప్రశ్న వేసినట్లు తమిళనాట ఇంటింటా చెప్పుకొంటారు. అది జరిగిన సంగతో, జనం అల్లుకొన్న కథో గాని, 1956లో ఎట్టయపురంలో మొదలైన మధ్యాహ్న భోజన పథకం రాష్ట్రమంతటికీ వ్యాపించింది. విద్యాశాఖ సంచాలకులు నె. దు. సుందరవడివేలు ఆ కార్యానికి కుడిభుజంగా నిలిచారు. ప్రభుత్వం కొంత భరించగా, ఊరి ప్రజలు బియ్యమో, కట్టెలో, కూరగాయలో తెచ్చి ఇచ్చేవారు. అది ప్రభుత్వ పథకమే అయినా ఊరివారు తమ బడి పొయ్యిగానే భావించారు.

తర్వాత 1982 జూలై 1న అప్పటి ముఖ్యమంత్రి ఎం. జి. రామచంద్రన్ పౌష్టికాహార పథకాన్ని ప్రారంభించారు. తమిళంలో దానినే సత్తుణవు అంటారు. మన ఇళ్ళలో కూడా ఆ మాటే నిలిచిపోయింది. ఇంత ఖర్చు రాష్ట్రం భరించగలదా అనీ, ఓట్ల కోసమే ఈ ఏర్పాటు అనీ నాడు విమర్శలు రాకపోలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో పథకం పట్టణాలకు వచ్చింది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. మొదట చిన్నపిల్లలకే గనుక నాకు వర్తించలేదు. ఏడేళ్ళ మా తమ్మునికి వర్తించింది. రేవులో కూలికి పోయే మా నాన్నగారికి పని దొరకని రోజులలో తమ్ముడు ఆకలికి ఏడ్చేవాడు. ఆ సంవత్సరం నుండి మధ్యాహ్నం ఏడుపు వినబడలేదు. బడికి పొమ్మని వానికి చెప్పవలసిన అవసరం మా అమ్మకు మళ్ళీ రాలేదు. 1984లో పథకాన్ని పదిహేనేళ్ళ వరకు పెంచినప్పుడు నేనూ పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడ్డాను. 1989లో పక్షానికొక గుడ్డు చేరింది. 2010 నాటికి వారానికి అయిదు గుడ్లు అయ్యాయి. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు.

నా తప్పు ఒకటి

ఇంతవరకు ఇతరులు చేసిన మంచిని చెప్పాను. నేను చేసిన తప్పును కూడా చెప్పకపోతే ఈ చరిత్ర అసంపూర్ణమవుతుంది.

1993లో, బి.ఎడ్. పూర్తి చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. నేను అప్పుడు పనిచేసినది వేరొక బడి. ప్రతి ఉదయం హాజరు తీసుకొన్న తర్వాత వంటగదికి లెక్క పంపాలి. నేను తరగతిలో నిలబడి, "సత్తుణవు తినేవాళ్ళంతా లేవండి" అనేదాన్ని. పిల్లలు లేచేవారు, లెక్కించి చీటీ పంపేదాన్ని. అందులో తప్పేమిటో నాకు తోచలేదు.

నాలుగో తరగతిలో ఒక బాలిక ఉండేది. తెలివైనది, ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఆ పిల్ల ఎన్నడూ లేవలేదు. ఇంటి నుండి డబ్బా తెచ్చుకొంటుందని అనుకొన్నాను. ఒకనాడు మధ్యాహ్నం కొళాయి దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగుతూ కనిపించింది. దగ్గరకు వెళ్ళి, "అన్నం తిన్నావా అమ్మా?" అన్నాను. తలవంచుకొని, "తిన్నాను టీచర్" అన్నది. ఆ పిల్ల సంచిలో డబ్బా లేదు. తర్వాత వాళ్ళ అమ్మను కలిస్తే తెలిసింది, తల్లి ఉదయం ఆరింటికే నాలుగిళ్ళలో పాచిపనికి పోతుందని. బిడ్డ బడిలో తింటున్నదన్న ధైర్యంతో ఆమె ఉన్నది. బిడ్డ మాత్రం నలుగురిలో లేచి నిలబడలేక, నీళ్ళు తాగి తరగతికి వస్తున్నది.

అన్నం ఉన్నది, పొయ్యి ఉన్నది, ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నది. ఆ బిడ్డకూ అన్నానికీ మధ్య నేను ఉన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాటి నుండి లేవండి అనడం మానేశాను. హాజరు పట్టీలోనే ఒక చుక్క పెట్టుకొని, ఎవరికీ వినబడకుండా లెక్క పంపేదాన్ని. నేనూ పళ్ళెం తీసుకొని పిల్లలతో కూర్చొని తినడం మొదలుపెట్టాను. టీచరు తినే అన్నం తినడానికి ఎవరికి సిగ్గు? వారం తిరగకముందే ఆ బాలిక నా ప్రక్కన వచ్చి కూర్చొన్నది.

ఈనాడు మన బడిలో ఉపాధ్యాయులు వంతులవారీగా పిల్లలతో కలిసి భోంచేస్తున్నారంటే, అది ఏ ఉత్తర్వు వల్లనో వచ్చిన నియమం కాదు. ఆ బిడ్డ నాకు నేర్పిన పాఠం.

దానం నుండి హక్కు దాకా

మన తెలుగువారికి అన్నదానం కొత్త కాదు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవారికి కూడా వండి పెట్టిన చరిత్ర మనకు ప్రాతఃస్మరణీయం. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు కూడా. అయినా దానానికీ హక్కుకూ ఒక భేదం ఉన్నది. దానంలో పెట్టేవాని మనసు పెద్దది. అది ఆగిపోతే అడిగే వీలు తినేవానికి లేదు. హక్కు అయితే ఆగినప్పుడు అడగవచ్చు. 1925లో అణా పద్దు ఆగినప్పుడు ఆ అయిదు బడుల పిల్లలకు అడిగే హక్కు లేదు.

ఆ హక్కు రావడానికి చాలా కాలం పట్టింది. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వం దేశవ్యాప్తంగా ప్రాథమిక విద్యకు పౌష్టికాహార మద్దతు పథకాన్ని ఆరంభించింది. అయితే పలు రాష్ట్రాలలో వండిన అన్నానికి బదులు నెలకింత బియ్యమో గోధుమలో ఇంటికిచ్చి పంపేవారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలో ప్రతి బిడ్డకూ కనీసం 300 కేలరీలు, 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనం ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని ఆదేశించింది. 2003 జనవరి నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడులలో పొయ్యి వెలిగింది. వంటవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని అదే న్యాయస్థానం 2004లో చెప్పింది. ఎవరి చేతి వంట ఎవరు తింటారన్న పాత జాడ్యానికి అది సూటిగా ఇచ్చిన జవాబు. చివరకు 2013లో వచ్చిన ఆహారభద్రతా చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ బిడ్డల బడి భోజనాన్ని చట్టబద్ధమైన హక్కుగా చేసింది. అంతకు ముందే, 2002లో జరిగిన రాజ్యాంగ సవరణ, 2009 నాటి చట్టం విద్యను ఆ వయసు బిడ్డలందరికీ ప్రాథమిక హక్కుగా నిలబెట్టాయి.

ఒక అణా తీర్మానం నుండి దేశ శాసనం దాకా తొంభై మూడేళ్ళు.

మరొక ఆకలి

బిడ్డ కడుపు నింపితే చాలదు. బిడ్డ ఏ భాషతో బడికి వస్తున్నదో, ఆ భాషలో బడి పలకరించాలి. మన పాఠశాల పుట్టుకకు కారణమదే. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగే ఏర్పాట్లు చేయవలసిన బాధ్యతను రాష్ట్రాలపై ఉంచింది. అన్నం విషయంలో చెప్పుకొన్న సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. బడికి తగినట్లు బిడ్డను కత్తిరించడం కాక, బిడ్డకు తగినట్లు బడిని మలచుకోవాలి.

ఈ రాష్ట్రంలో 2006 నాటి చట్టంతో తమిళం దశలవారీగా అన్ని బడులలో నిర్బంధ పాఠ్యాంశమయింది. మన పిల్లలు తమిళం చక్కగా నేర్చుకోవాలి. అది మనకు నీడనిచ్చిన గడ్డ భాష, ఇరుగుపొరుగు భాష. దానితో పాటు మాతృభాషకు పరీక్షలో స్థానం నిలుపుకోవడానికి అల్పసంఖ్యాక భాషల బడులు న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఇంతలో తల్లిదండ్రుల మనసు ఆంగ్ల మాధ్యమం వైపు మళ్ళింది. ఒకప్పుడు ఒక్కొక్క తరగతికి రెండేసి విభాగాలున్న మన బడిలో ఇప్పుడు ఒక్కొక్కటే ఉన్నది. ఈ మాట జూబిలీ సంచికలో వ్రాయవచ్చునా అని సందేహించాను. వ్రాయకపోతే మనల్ని మనమే మోసగించుకొన్నట్లవుతుంది.

ఇప్పుడు మన బడికి వస్తున్నవారు ఎవరు? పారిశుద్ధ్య కార్మికుల బిడ్డలు, మేస్త్రీ పనివారి బిడ్డలు, ఇళ్ళలో పనిచేసే తల్లుల బిడ్డలు. మరొక బడికి పోలేనివారే వస్తున్నారు గదా అని కొందరు నాతో అన్నారు. ఆ మాట మనకు చిన్నతనం కాదు. థౌజండ్ లైట్స్ బడికి వచ్చినవారు కూడా వారే. అటువంటి బిడ్డ కోసమే ప్రభుత్వ విద్య పుట్టింది. అయితే, మరో దారి లేక వచ్చే బడిగా మిగలడం వేరు, వారికి తగిన మంచి బడిగా నిలవడం వేరు. మొదటిది కాకుండా రెండవది కావడమే రాబోయే సంవత్సరాలలో మన ముందున్న పని.

ఉదయపు ఉప్మా

ఈ చరిత్రలో తాజా పుట కూడా మన కళ్ళ ముందే తెరుచుకొన్నది. 2022 సెప్టెంబరు 15న మదురైలో ముఖ్యమంత్రి ఎం. కె. స్టాలిన్ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు ఫలహార పథకాన్ని ఆరంభించారు. 2023 ఆగస్టులో అది రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ, 2024లో గ్రామాలలోని ఎయిడెడ్ బడులకు, 2025 ఆగస్టు 26న పట్టణాలలోని ఎయిడెడ్ బడులకు విస్తరించింది. ఆ విధంగా మన బడికి కూడా వచ్చింది. మొదటి ఉదయం మా ఒకటో తరగతి పిల్లవాడొకడు ఉప్మా తిని, పళ్ళెం కడిగి, "టీచర్, రేపూ ఉందా?" అని అడిగాడు. ఉన్నది నాయనా అన్నాను. ఆ మాట ధైర్యంగా చెప్పగలగడానికి నూటఅయిదేళ్ళు పట్టింది.

పూర్వ విద్యార్థులకు నాదొక మనవి. పుట్టినరోజులకు, పెద్దల తద్దినాలకు మన పిల్లలకు భోజనం పెట్టించాలని మీరు అడుగుతుంటారు. మీ మనసు గొప్పది. అయితే పిల్లలను వరుసగా నిలబెట్టి, ప్రక్కన దాతలు నిలబడి ఫోటోలు తీయించే ఆచారాన్ని ఈ సంవత్సరం నుండి మానుకొందాము. వంటగదికి రేకులు మార్చాలి, త్రాగునీటి తొట్టి బాగుచేయాలి; ఆ పనులకు సాయపడండి. అంతకన్న మిన్నగా, వీలున్న రోజున వచ్చి, పళ్ళెం పట్టుకొని పిల్లల మధ్య కూర్చొని తినండి.

జూబిలీ రోజున ముఖ్య అతిథులకు వేరే పందిరి, వేరే వంట ఉండాలని ఉత్సవ సంఘంలో కొందరు పెద్దలు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ విషయంలో కొంత మాట పట్టింపు వచ్చిన సంగతి కూడా మీ చెవిని పడే ఉంటుంది. పెద్దలు చివరకు నా మాట మన్నించారు. వారికి నా కృతజ్ఞతలు. ఆనాడు అందరికీ ఒకే వంట, ఒకే పంక్తి. మన వంట ఆయమ్మ గరిటె పట్టుకొని వడ్డిస్తుంది. మీరందరూ సకుటుంబంగా వచ్చి ఆ పంక్తిలో కూర్చోవలసినదిగా ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.

– ప్రధానోపాధ్యాయిని